లేమి వేరు, మితం వేరు
మంగంపేట నుంచి ఎర్రగుడి దాకా సైకిళ్ల మీద వెళ్లిన ధమ్మయాత్ర నేర్పింది





పోయిన చలికాలంలో మంగంపేట నుంచి పదకొండు సైకిళ్లు బయలుదేరినాయి. తొమ్మిదిమంది మగవాళ్లం, ఇద్దరు ఉపాసికలు. తెల్లారి ఐదున్నరకు బాబాసాహెబ్ విగ్రహం దగ్గర నిలబడి త్రిశరణం, పంచశీలం చెప్పుకున్నాం. ఇంక పెడలు మీద కాలు పెడతామనగా మా పల్లెలో అందరూ జేజి అని పిలిచే ఒక పెద్దామె అడ్డం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గనుల్లో రాళ్లు మోసి మోసి నడుము వంగిపోయింది.

"ఏం నాయనా, మీకు పనీపాటా ల్యాదా? మా కాలంలో మావాడొకడు సైకిలు కొన్యాడంటే ఊరోళ్ల కండ్లల్లో నిప్పులు పోసుకున్నట్లుండె. నా కొడుకులు కూలీనాలీ చేసి ఇప్పటికి మోటారు బండ్లు తెచ్చుకున్యారు. సదువుకున్నోళ్లు మీరు మళ్లా సైకిళ్లెక్కి, ఇదే మంచిదని మాకు చెప్పబోతాండారా?"

అందరం నవ్వినాం. నేను కూడా నవ్వి, "వచ్చినాక చెప్తాలే జేజీ" అని తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న సుమారు 250 కిలోమీటర్లు నా క్యారియర్ మీదే కూర్చొని వచ్చింది. ఈ చిన్న పుస్తకం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. లేకుండా చేయబడ్డవాళ్లు, తక్కువతో బతకడం ధర్మమని ఒప్పుకోవచ్చా? ఇది సైకిలు సంగతి మాత్రమే కాదు. మనం స్వీకరించిన ధమ్మంలో తృష్ణ, సంతృప్తి అనే మాటలకు అర్థమేమిటన్న సంగతి.

ఎందుకు బయలుదేరినాం

మా యాత్ర దారి ఇది. మంగంపేట, రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, అక్కడి నుంచి కర్నూలు జిల్లా ఎర్రగుడి. ఎర్రగుడిలో అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. ఆరు రోజులు పట్టింది.

కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఎవరి పళ్లెం, ఎవరి గ్లాసు వాళ్లు మోసుకోవాలి. నీళ్లు కొనకూడదు, అడిగి తాగాలి. హోటళ్లకు పోకుండా దారిలో మనవాళ్ల ఇండ్లలో, మన పల్లెల్లో వాళ్లు పెట్టింది తినాలి. రెండు జతల బట్టలు చాలు. రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడ మనవాళ్లతో కూర్చొని ధమ్మం గురించి మాట్లాడాలి. ఈమధ్య చదువుకున్నవాళ్లు దీన్ని సుస్థిర జీవనం అంటున్నారు. భూమిని, నీళ్లను, గాలిని మన పిల్లల పిల్లలకు కూడా మిగిల్చి బతకడమని దాని భావం.

సైకిలు మన ఉద్యమానికి కొత్త కాదు. 1981 డిసెంబరు 6న డీఎస్ 4 స్థాపించిన కాన్షీరామ్ గారు, 1983 మార్చిలో ఉత్తర భారతంలో సైకిల్ యాత్ర చేశారు. నెలకు పైగా, ఏడు రాష్ట్రాల్లో, వేల కిలోమీటర్లు తిరిగారు. డబ్బున్నవాళ్ల అండ లేదు. రెండు కాళ్లు, రెండు చక్రాలు ఉంటే ఊరూరికీ పోవచ్చని చూపించారు. మరుసటి ఏడు 1984 ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. ఆయన పేదరికాన్ని మెచ్చుకొని సైకిలెక్కలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా మన మాట మనం చెప్పుకోవడానికి ఎక్కారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముగ్గురాయి చెప్పిన పటిచ్చసముప్పాదం

మంగంపేట పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ముగ్గురాయి గని. పుస్తకాల్లో దాన్ని బెరైటీస్ అంటారు. ఒకే చోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలోనే మరొకటి లేదని పేరు. సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులని అంచనా వేసినారు. మా చుట్టుపక్కల మిల్లుల్లో ఈ రాయిని పొడి చేస్తారు. చెట్ల ఆకులు, ఇండ్ల కప్పులు, మనుషుల కనురెప్పలు తెల్లగా ఉంటాయి.

ఈ పొడి యాడికి పోతుంది? చానామందికి తెలీదు. మా యాత్రలో మిల్లులో పనిచేసే తమ్ముడికి కూడా తెలీదు. దీంట్లో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. భూమిలోకి వేల అడుగులు తవ్వేటప్పుడు లోపలి చమురు, గ్యాసు ఒత్తిడితో పైకి ఎగదన్నుతాయి. దాన్ని అణచడానికి బరువైన బురద నీళ్లను బావిలోకి పంపుతారు. ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ ముగ్గురాయి పొడే. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు, రంగులేని మామూలు రాయి.

ఆలోచించండి. మా జేజి తల మీద మోసిన రాయి సముద్రాలు దాటి చమురు బావిలోకి దిగింది. ఆ చమురు పెట్రోలై తిరిగి వచ్చి ఆమె కొడుకు బండిలో పడింది. ఆ కొడుకు ఆ బండి మీదే మళ్లా గని పనికి పోతున్నాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది అని బుద్ధ భగవానుడు చెప్పిన పటిచ్చసముప్పాదం మా ఊరి దుమ్ములోనే కనిపిస్తుంది. ఏదీ విడిగా లేదు. మన పని, మన బండి, మన ఊపిరి, ఎక్కడో మండే నూనె, అన్నీ ఒక గొలుసు.

కాబట్టి "పెట్రోలు పాపం" అని మిల్లులో పనిచేసే తమ్ముడికి చెప్పే హక్కు నాకు లేదు. సమ్మా ఆజీవం, అంటే సరైన జీవనోపాధి, అష్టాంగ మార్గంలో ఒక అంగం. కానీ ఆ గొలుసులో తమ్ముడిది అన్నిటికంటే చిన్న లంకె, అన్నిటికంటే ఎక్కువ దుమ్ము పడేది కూడా ఆ లంకె మీదే. గొలుసు కనిపించడం మొదటి మెట్టు. ఎవరిని నిందించాలన్నది తొందరపడి తేల్చే విషయం కాదు.

లేమిని పొగిడినవాళ్లను నమ్మకూడదు

ఇప్పుడు జేజి ప్రశ్నకు వద్దాం.

మా జేజినాయన సైకిలు కొన్న ఏడాది, ఊళ్లో పెద్దోళ్ల వీధి రాగానే దిగి, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించి నడిపించుకుంటూ పోయేవాడు. వీధి దాటినాక ఎక్కేవాడు. ఇది నేను చూసింది కాదు, మా నాయన చెప్పింది. ఆయనకు సైకిలు ఉన్నా సవారీ లేదు. అట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి, "తక్కువతో బతుకు, అదే గొప్ప" అని ఎవరన్నా చెబితే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

బాబాసాహెబ్‌కూ మండింది. 1945లో అంటరానివారికి కాంగ్రెస్, గాంధీ ఏం చేశారన్న పుస్తకం రాస్తూ, యంత్రాలు వద్దు, పల్లెకు తిరిగి పోదాం అనే వాదాన్ని ఆయన గట్టిగా ఖండించారు. మనిషికి తీరిక కావాలి, తీరిక ఉంటేనే చదువు, సంస్కృతి, ఆలోచన. యంత్రం లేకపోతే ఆ తీరిక కొద్దిమందికే దక్కుతుంది, మిగతావాళ్లు జంతువుల మాదిరి చాకిరీ చేయాల్సిందేనని ఆయన వాదన. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో కూడా పల్లెను స్వర్గంగా చూపించేవాళ్లను ఆయన ఒప్పుకోలేదు. పల్లె ఎవరికి స్వర్గమో, ఎవరికి నరకమో ఆయనకు తెలుసు.

మరి బుద్ధుడు? ఆయన సంతృప్తి పరమ ధనం అన్నాడు కదా అని కొందరు అడుగుతారు. దీనికి బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో తేటగా సమాధానం ఇచ్చారు. ఆ పుస్తకం ఆయన పరినిర్వాణం తర్వాత 1957లో వెలువడింది. సంతృప్తి అంటే పరిస్థితులకు తలవంచడం కాదని, పేదలు ధన్యులని బుద్ధుడు ఎక్కడా చెప్పలేదని, బాధపడేవాడు తన స్థితిని మార్చుకోకూడదని అసలే చెప్పలేదని అందులో వివరించారు. సంపద స్వాగతించదగినదే. చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు, వీర్యం, అంటే పట్టుదలతో పనిచేయడం కావాలి. ఎల్లలేని దురాశ మనిషిని లొంగదీయకూడదు, అంతే సంతృప్తికి అర్థం.

సుత్తాలు కూడా ఇదే చెబుతాయి. రాజు పేదలకు ధనం అందేటట్లు చూడకపోతే పేదరికం పెరుగుతుందని, పేదరికం నుంచి దొంగతనం, దాని నుంచి హింస పుడతాయని చక్కవత్తి సీహనాద సుత్తంలో ఉంది. అంటే పేదరికం పుణ్యం కాదు, పాలనలో జరిగిన తప్పు. అనాథపిండికునికి చెప్పిన ఉపదేశంలో గృహస్థుకు నాలుగు సుఖాలున్నాయన్నాడు. న్యాయంగా సంపాదించింది ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేని బతుకు. మొదటి సుఖం ఉండటం. లేకపోవడం కాదు.

కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పుకుందాం. లేమి మన మీద వేసిన శిక్ష. దాన్ని శీలం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మరి మితం ఏమిటి?

బుద్ధుడు రాజభోగం చూశాడు, ఆరేండ్లు ఒళ్లు ఎండబెట్టుకొనీ చూశాడు. సుజాత ఇచ్చిన పాయసం తాగినాకే ఆయనకు దారి కనిపించింది. ఆకలి జ్ఞానాన్ని ఇవ్వదు, కడుపు పగిలే తిండీ ఇవ్వదు. మధ్యమ మార్గమంటే ఇది.

వ్యగ్ఘపజ్జకు ఆయన చెప్పిన ఉపదేశంలో ఒక పోలిక ఉంది. నాలుగు మేడిపండ్ల కోసం చెట్టంతా ఊపి, రాలిన పండ్లలో గుప్పెడు తిని మిగిలినవి మట్టిలో వదిలేసి పోయేవాడి మాదిరి ఖర్చు పెట్టకూడదు. ఉండి కూడా తినక, అనాథలాగ చచ్చేవాడి మాదిరీ ఉండకూడదు. రాబడి, పోబడి తూకంలో పెట్టుకోవాలి. దీనికి సమజీవితం అని పేరు.

ఆనందుని చీవరాల కథ మీలో కొందరికి తెలుసు. ఉదేన రాజు అంతఃపురంలోని స్త్రీలు ఆనందునికి ఐదువందల చీవరాలు దానమిచ్చారు. రాజుకు కోపం వచ్చింది. ఈ భిక్షువుకు ఇన్నెందుకు, బట్టల అంగడి పెడతాడా అని అడగబోయాడు. ఆనందుడు నిదానంగా చెప్పాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతాం. మరి పాతవేం చేస్తారు? పరుపు మీది దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? కింద పరిచే పట్టలు. పాత పట్టలు? కాళ్లు తుడిచే గుడ్డలు. అవీ పాతబడితే? దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి వాటిని చించి, మట్టిలో కలిపి పిసికి నేలకు అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో ఐదువందలు ఇచ్చాడు.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఏదీ పారేయకపోవడం. మా అమ్మ పాత చీరలతో బొంత కుట్టేది, చినిగిన బొంతను పొయ్యికాడ మసిగుడ్డ చేసేది. అంటే ఆనందుడు చెప్పిన పద్ధతి మన ఇండ్లలో ఎప్పటినుంచో ఉంది, పేదరికం నేర్పింది కాబట్టి మనం దానికి సిగ్గుపడినాం. రెండోది, ఇంకా పెద్ద సంగతి. ఐదువందలు తీసుకోవడం తప్పు కాలేదు. ఒక్కడే దాచుకుంటే తప్పయ్యేది. సంఘానికి పంచాడు కాబట్టి దానమైంది. మితానికి కొలత "ఎన్ని ఉన్నాయి" అన్నది కాదు, "ఎవరికి చేరినాయి, ఎంతకాలం పనికొచ్చినాయి" అన్నది.

దారిలో నేను తిన్న దెబ్బ

మూడో రోజు కడప దాటినాం. ఎదురుగాలి. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల లారీలు ఒకదాని వెనక ఒకటి. ఒక యువకుడు మాకంటే ముందు పోయి, అంగట్లో చల్లటి నీళ్ల బాటిల్, కూల్‌డ్రింక్ కొనుక్కొని తాగుతున్నాడు. అందరి ముందూ నేను కోప్పడినాను. "నియమం అందరం కలిసి పెట్టుకున్నాం కదా. ఆమాత్రం తృష్ణ అణచుకోలేకపోతే ధమ్మయాత్రకు ఎందుకొచ్చినావు?" అన్నాను.

ఆ అబ్బి బాటిల్ మూత పెట్టి, నిదానంగానే అన్నాడు. "అన్నా, నీకు ఇంట్లో మోటారు బండి ఉంది, ఫ్రిజ్జుంది. ఆరు రోజులు వదిలిపెట్టినావు, ఏడో రోజు నీవి నీకు ఉంటాయి. మా ఇంట్లో చల్లటి నీళ్లు లేవన్నా. నా బండిని కంతులు కట్టలేదని ఫైనాన్సోళ్లు ఎత్తుకపోయినారు. నేను వదిలింది ఏముంది?"

నాకు నోట మాట రాలేదు. రాత్రి ముద్దనూరులో పడుకున్నా నిద్ర పట్టలేదు. దూరంగా రాయలసీమ థర్మల్ కేంద్రం దీపాలు కనబడుతున్నాయి. వదిలిపెట్టడం అనేది ఉన్నవాడికి మాత్రమే సాధ్యమయ్యే పని. నా చేతిలో ఉన్నది నేను దించితే అది మితం. వాడి చేతిలోంచి ఎవరో లాక్కున్నది లేమి. రెంటినీ ఒకే నియమం కింద పెట్టి, వాడి దాహానికి తృష్ణ అని పేరు పెట్టినాను. ధమ్మం పేరు మీద నేను చేసింది, ఒకప్పుడు మనకు ధర్మం చెప్పినవాళ్లు చేసిన పనే.

పొద్దున లేచి అందరి ముందూ ఆ అబ్బికి క్షమాపణ చెప్పినాను. ముందురోజు కోప్పడింది అందరి ముందే కదా, క్షమాపణ కూడా అట్లే ఉండాలి.

కానీ ఆ మాటలో ఇంకొకటి కూడా ఉంది. వాడి బండిని తీసుకపోయింది ఎవరు? అప్పు. వాడికి బండి అవసరమే, కోడూరు దాకా పనికి పోవాల. కానీ తనకు చాలే బండి కాకుండా, స్నేహితుల ముందు చిన్నబోకూడదని రెట్టింపు ధర బండి కంతుల మీద తీసుకున్నానని వాడే తర్వాత చెప్పినాడు. అప్పు లేకపోవడం గృహస్థు సుఖాల్లో ఒకటని బుద్ధుడు ఎందుకు అన్నాడో అక్కడ అర్థమైంది. బండి అవసరం, అది హక్కు. పక్కవాడి కండ్ల కోసం కొన్నది తృష్ణ. ఒకే బండిలో రెండూ కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడగలిగేది బండి యజమాని మాత్రమే. బయటివాడు, నాలాంటివాడు, విడదీయలేడు.

ఆరోజు ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాం. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన తాడిపత్రి దాకా ఆటోలో వచ్చినాడు, సైకిలు ఆటో పైన కట్టుకున్నాం. "నియమం తప్పినాను" అని బాధపడినాడు. భిక్షువులు బండ్లు ఎక్కకూడదని నియమం పెట్టిన బుద్ధుడే, జబ్బుపడినవాళ్లు ఎక్కవచ్చని సడలింపు ఇచ్చాడని వినయంలో ఉంది. నియమం మనిషి కోసం.

ఉపాసికలు అడిగింది

మాతో వచ్చిన ఇద్దరిలో ఒక అక్క ఈ యాత్ర కోసమే సైకిలు నేర్చుకుంది. నలభై దాటిన మనిషి, మోచేతులు గీరుకుపోయినా మానలేదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్న సంగతి ఆమెకు ఎవరో చెప్పినారంట. వాళ్లలో రాతి క్వారీల్లో కూలి చేసేవాళ్లు కూడా ఉన్నారు. మా గని ఆడవాళ్ల మాదిరే.

తాడిపత్రిలో రాత్రి సమావేశంలో ఆమె అన్నమాట ఇది. "మితంగా ఉండాలంటారు. ఇంట్లో మితం ఎప్పుడూ ఆడదాని పాలే గదా. అందరూ తిన్నాక మిగిలిన సంగటి ముద్ద మాది. కట్టెల పొయ్యి మంచిదంటారు, పొగ మాది. ప్లాస్టిక్ కవర్లు వద్దంటారు, సంచులు కుట్టేది, ఉతికేది మేం. సైకిలు మాత్రం ఎందుకో మగోళ్లకే మంచిదంటారు."

ఎవ్వరం జవాబు చెప్పలేదు. ఏ మితమైనా సరే, దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడకుండా మంచిదని అనకూడదు.

చెయ్యేరు, గండికోట

సుస్థిర జీవనం ఖాళీగా ఉన్నవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లకు మా దారిలోనే సమాధానం ఉంది. నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధ అవశేషాలున్నాయి. చెయ్యేటి ఒడ్డున ఒకప్పుడు భిక్షువులు వర్షావాసం గడిపి ఉంటారు. అదే చెయ్యేటి మీద 2021 నవంబరు 19న, కుండపోత వానలకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీదికి నీళ్లు వచ్చి ఎంతోమంది ప్రాణాలు పోయినాయి. ఎప్పుడూ వాన కోసం ఆకాశం చూసే సీమలో, మనుషులు వరదలో కొట్టుకపోయినారు.

కట్ట తెగడానికి మనుషుల లెక్కలు, నిర్వహణ అన్నీ కారణాలే. కానీ భూమి వేడెక్కేకొద్దీ సముద్రం మీది గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుందని, కురిసే వాన ఒక్కసారిగా కుంభవృష్టిగా కురుస్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఎక్కడో మండించిన నూనె ఖరీదు ఏటి పక్కన గుడిసెవాడు కడుతున్నాడు. ముద్దనూరు దాటి కొండాపురం వైపు పోతే గండికోట జలాశయం. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో ఆ నీళ్లకింద మునిగిపోయినాయి. సీమకు నీళ్లు కావాలి, కాదనలేం. కానీ ఒకరి పొలం తడవడానికి ఇంకొకరి ఇల్లు తడిసింది.

తక్కువ వాడుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. కాబట్టి మనకు ఈ విషయం మీద మాట్లాడే హక్కు అందరికంటే ఎక్కువే ఉంది. సుస్థిర జీవనం మనల్ని తగ్గించుకోమని చెప్పే పాఠం అయితే మనకొద్దు. ఎక్కువ మింగినవాళ్లను లెక్క అడిగే న్యాయం అయితే అది మన ధమ్మమే. ఎందుకంటే ధమ్మమంటే బాబాసాహెబ్ చెప్పినట్లు మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సరైన సంబంధం.

ఎర్రగుడి బండల మీద

ఆరో రోజు ఉదయం గుత్తి నుంచి ఎర్రగుడి చేరినాం. పెద్ద పెద్ద బండరాళ్ల గుట్ట. పక్కనే జొన్నగిరి. అశోకుని సువర్ణగిరి ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వందలమంది వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు. పిల్లాజెల్లాతో వచ్చి చెట్ల కింద రోజుల తరబడి ఉంటారు. దాన్ని దురాశ అనడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. అప్పుల్లో ఉన్నవాడికి ఒక్క రాయి దొరికితే చాలన్న ఆశ అది. కానీ అదే నేలలో, అందరికీ కనబడేట్లు చెక్కిన రాళ్లు రెండువేల రెండువందల ఏండ్లకు పైగా ఉన్నాయి. వాటి కోసం వంగేవాళ్లు తక్కువ.

అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, చిన్న శాసనం కూడా ఎర్రగుడిలో ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి, కాడెద్దులు చేను దున్నినట్లు. మాలో ఎవరికీ ఆ బ్రాహ్మీ లిపి చదవడం రాదు. నేను ముందే చదువుకొని పోయిన అర్థాలు చెప్పినాను.

ఎనిమిదో శాసనంలో, పూర్వపు రాజులు వేటకు, వినోదానికి విహారయాత్రలు చేసేవాళ్లని, తాను బోధి చెట్టును దర్శించినప్పటి నుంచి ధమ్మయాత్రలు మొదలుపెట్టానని అశోకుడు చెప్పుకున్నాడు. ఆ యాత్రలో చేసే పనులు ఏమిటంటే, శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను కలిసి దానాలివ్వడం, పల్లె జనాన్ని కలవడం, వాళ్లతో ధమ్మం మాట్లాడటం. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల పక్కన బావులు, చెట్లు. మూడో శాసనంలో తక్కువ ఖర్చు పెట్టడం, తక్కువ కూడబెట్టడం మంచిదన్నాడు.

ఆ మూడో శాసనం దగ్గర నేను ఆగిపోయినాను. ఎవరు చెబుతున్నాడు ఈ మాట? ఈ దేశంలో అందరికంటే ఎక్కువ ఉన్నవాడు. తన వంటింటి నుంచే మొదలుపెట్టి, అందులో చంపే జంతువులను తగ్గించానని మొదటి శాసనంలో చెప్పుకున్నవాడు. అంటే మితం పైనుంచి మొదలు కావాలి. బావులూ చెట్లూ వైద్యమూ కిందికి రావాలి. ఒక రాతి మీద రెండూ కలిసి ఉన్నాయి. రాజు తగ్గించుకోకుండా జనానికి మితం చెబితే అది మోసం. జనానికి బావి తవ్వకుండా తాను మాత్రం తగ్గించుకుంటే అది వేషం.

బాటిల్ కొన్న తమ్ముడు ఆ బండ నీడలో కూర్చొని, "అన్నా, అశోకుడు మనకు బావి తవ్వించినాడు, నువ్వేమో బాటిల్ తాగొద్దన్నావు" అన్నాడు. అందరం నవ్వినాం. అది నిజం. దారిలో ప్రతి పది కిలోమీటర్లకూ శుభ్రమైన నీళ్ల కుళాయి ఉంటే బాటిల్ ఎవరు కొంటారు?

మూడు ప్రశ్నలు, కొన్ని పనులు

తక్కువతో బతకడం గురించి ఎవరేం చెప్పినా, మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, ఇది నేను ఎంచుకున్నదా, నా మీద రుద్దిందా? రుద్దింది అయితే అది లేమి, దాని మీద పోరాడాలి.

రెండు, దీని బరువు ఎవరి మీద పడుతుంది? ఇంట్లో ఆడవాళ్ల మీదో, పల్లె మీదో, పనివాడి మీదో పడితే అది మితం కాదు.

మూడు, దీనివల్ల నాకు విడుదల వస్తుందా? అప్పు తగ్గుతుందా, పక్కవాడితో పోటీ తగ్గుతుందా, ఎవరికీ చెయ్యి చాచని బతుకు వస్తుందా? వస్తే అది ధమ్మం.

ఈ లెక్కన చూస్తే మన పల్లెల్లో వెంటనే చేయదగ్గ పనులు కనబడతాయి. ఎవరూ బండి అమ్ముకోనక్కర్లేదు. నాలుగైదు కిలోమీటర్ల లోపు పనికి సైకిలు వాడదాం, ఒంటికీ మంచిది, జేబుకూ మంచిది. హోదా కోసం కంతుల మీద కొనడం మానుదాం. ఏప్రిల్ 14న, అక్టోబరు 14న మనం కట్టే ఫ్లెక్సీలు పదిహేను రోజులకు చినిగి మురుగు కాలవలో పడుతున్నాయి. బాబాసాహెబ్ బొమ్మ కాలవలో పడటం కంటే అవమానం ఉందా? గుడ్డ బ్యానర్లు రాయిద్దాం, ఏటేటా వాడదాం, చినిగితే ఆనందుని మాదిరి ఇంకో పనికి వాడదాం. పల్లెకు ఉమ్మడిగా వంద స్టీలు పళ్లేలు కొనుక్కుంటే పెండ్లికీ, వర్ధంతికీ కాగితం పళ్లేలు కొనే పని ఉండదు. ఆడపిల్లలకు సైకిలు నేర్పుదాం, పెద్దమ్మలకు కూడా.

దానితోపాటు అడగాల్సినవీ అడుగుదాం. పల్లెకు బస్సు, శుభ్రమైన తాగునీళ్లు, మిల్లుల్లో దుమ్ము ఎగరకుండా నీళ్లు చల్లడం, పనివాళ్లకు ముక్కుకు మాస్కు, ఆరోగ్య పరీక్షలు, వరద వచ్చే ఏటి పక్క ఊళ్లకు ముందు హెచ్చరిక. మన వాడకం తగ్గించుకుంటాం కాబట్టి మన హక్కులు కూడా తగ్గించండని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. మితం మనదైతే, లెక్క అడిగే గొంతు కూడా మనదే కావాలి.

జేజికి చెప్పిన జవాబు

తిరిగి వచ్చేటప్పుడు సైకిళ్లను లారీలో వేసుకొని వచ్చినాం. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. మంగంపేటలో దిగేసరికి రాత్రైంది. మరుసటి రోజు జేజి దగ్గరికి పోయినాను. ఆమె అరుగు మీద కూర్చొని శెనక్కాయలు వలుస్తోంది.

"ఏమప్పా, ఏం తెచ్చినావు అశోకుని కాడ్నుంచి?" అంది.

"జేజీ, నీ కొడుకు బండి అమ్ముకోవాల్సిన పని ల్యాదు. మన జేజినాయన సైకిలు దిగి నడిచింది వేరేవాళ్లు దింపినందుకు. మేం ఎక్కింది మా ఇష్టంతో. ఆ రెండింటినీ ఒకటనే పెద్దమనిషి ఎవడన్నా వస్తే, నువ్వు నన్ను నిలదీసినట్లే నిలదియ్" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత వలిచిన గింజలు గుప్పెడు నా చేతిలో పోసి, "సరే గానీ, ఆ సైకిలు నేర్చుకున్న పాప ఉంది కదా, దాన్ని మా మనవరాలికి నేర్పమను. బడి దూరం" అంది.

ఇప్పుడు ఆదివారం పూట ఆ అక్క మైదానంలో ఆరుగురు ఆడపిల్లలకు సైకిలు నేర్పుతోంది. వాళ్లు ఏ వీధిలోనూ దిగరు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.